పాత దస్తావేజుల్లో కనిపించే ‘రు’ను ఎక్కడ ఏమని చదవాలి?

మీ తాతగారి పెట్టెలో దొరికిన రెండు కాగితాల గురించి అడిగారు. ఒకటి ప్రామిసరీ నోటు, ఇంకొకటి క్రయ దస్తావేజు, రెండూ తణుకు వైపు రాసినవి. ఎక్కడ చూసినా ‘రు’ కనిపిస్తోంది, కొన్నిచోట్ల చుక్కతో, కొన్నిచోట్ల మాట చివర, ఇది దేనికి గుర్తు అన్నారు. వడ్డీ ఎంతో తేలడం లేదని, భూమి అమ్మినది ఒకరో నలుగురో అర్థం కావడం లేదని కూడా రాశారు. హద్దుల్లో ‘కొవ్వూరి వారి మెరక’ అని ఉంటే కొవ్వూరు మనిషిని పంపి వాకబు చేయించానన్నారు. నేను ఈ జిల్లాలోనే దస్తావేజులు రాసే వృత్తిలో ఉన్నాను. ఇలాంటి కాగితాలు పట్టుకుని హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు వస్తూనే ఉంటారు. పెద్దవాళ్ళు ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడు చదివి చెప్పేవాళ్ళు లేరు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

‘రు’ని ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు. దాని తర్వాత చుక్క, అంకె ఉన్నాయా, లేక ముందున్న మాటకి అతుక్కుని ఉందా అన్నది మొదట చూడండి. అతుక్కుని ఉంటే ఆ మాటని ‘యొక్క’ అర్థంలోకి తిప్పి పలకండి. ఊరు అయితే ఊరి, ఏరు అయితే ఏటి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ముందు డబ్బు సంగతి. ‘రు.’ అని చుక్క పెట్టి అంకె వేస్తే రూపాయలు. ఇప్పుడు ఎక్కువగా ‘రూ.’ అని దీర్ఘం ఇచ్చి రాస్తున్నాం, 2010లో రూపాయికి విడిగా గుర్తు వచ్చాక కంప్యూటర్‌లో దాన్ని కొడుతున్నాం. పాతవాళ్ళు పొట్టిగా ‘రు.’ అనే రాసేవారు. అందులో కష్టం లేదు, తికమకంతా ఆ తర్వాత వచ్చే గీతల దగ్గరే. మీ నోటులో ‘రు. 312-8-0’ అని ఉందన్నారు కదా. ఇది 312 రూపాయల 80 పైసలు కాదండి. 312 రూపాయల 8 అణాల 0 పైలు. 1957 ఏప్రిల్ 1న కొత్త నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. ఎనిమిదణాలంటే అర్ధరూపాయి. కాబట్టి మీ తాతగారి నోటులో అసలు మూడువందల పన్నెండున్నర రూపాయలు.

ఇక వడ్డీ. ‘నెల 1కి నూటికి రు. 0-12-0 చొప్పున’ అని ఉంది. పన్నెండణాలు, అంటే ముప్పావలా. నెలకి నూటికి ముప్పావలా అంటే ఏడాదికి నూటికి 9 రూపాయలు. ఇప్పటికీ మన ఊళ్ళలో వడ్డీ మాట్లాడుకునేది ఇలాగే, నెలకి నూటికి ఇంత అని. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. డ్వాక్రా సంఘాల వల్ల అందరికీ తెలిసిన ‘పావలా వడ్డీ’ అంటే ఏడాదికి 3 శాతం. మీరు దీన్ని 12 పైసలు అని చదివారు గనుక ఏడాదికి నూటికి రూపాయి నలభై నాలుగు పైసలే వచ్చింది, ఆ రోజుల్లో ఇంత తక్కువకి ఎవరిచ్చారని ఆశ్చర్యపోయారు. ఎవరూ ఇవ్వలేదు.

మీ అసలు మీద నెలవడ్డీ ఎంతో వేసి చూపిస్తాను. నూటికి 12 అణాలు, మూడువందలకి 36 అణాలు, అంటే రు. 2-4-0. మిగిలింది 12-8-0. అది వందలో ఎనిమిదో వంతు, కాబట్టి దాని వడ్డీ 12 అణాల్లో ఎనిమిదో వంతు, అణాన్నర. అణాన్నర అంటే 0-1-6. మొత్తం నెలకి రు. 2-5-6. ఆరు నెలలకి రు. 14-1-0, ఏడాదికి రు. 28-2-0. ఇప్పుడు ఆ నోటు తిప్పి వెనక చూడండి. చెల్లు రాసినచోట ఈ అంకెల్లో ఏదైనా కనిపిస్తే అది వడ్డీ జమ. అంతకన్నా గుండ్రంగా 50, 100 అని ఉంటే అసలులోకి కట్టి ఉంటారు. మొత్తం తీరిపోతే నోటు చింపేయడమో, అడ్డంగా గీత కొట్టి సంతకం తీసుకోవడమో చేసేవారు. మీ దగ్గరున్న నోటు మీద గీత ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకపోయినా ఇప్పుడు దాని మీద వసూలు మాట లేదు, ప్రామిసరీ నోటుకి కాలపరిమితి మూడేళ్ళు. అది దాచుకోవాల్సిన కాగితమే గానీ కోర్టుకి తీసుకెళ్ళాల్సింది కాదు.

అంకెల మధ్య గీతలు రెండు ఉండి మూడు భాగాలుగా ఉంటే రూపాయలు, అణాలు, పైలు అనుకోవచ్చు. ఒక్క గీతే ఉంటే మాత్రం తారీఖు చూడకుండా చదవకండి. ‘రు. 12-8’ అని 1950లో రాస్తే పన్నెండున్నర. 1957 తర్వాత కొన్నేళ్ళు పాత పైసాకి, కొత్త పైసాకి తేడా తెలియడానికి ‘న.పై.’ అని పక్కన రాసేవారు, నయాపైసలు అని. 1964లో ఆ ‘నయా’ తీసేశారు. ఈ ఏడెనిమిదేళ్ళ కాగితాలే అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే రాసేవాళ్ళలో కొందరు కొత్త లెక్కకి మారారు, కొందరు అలవాటు కొద్దీ అణాల్లోనే వేశారు. అలాంటప్పుడు గీత తర్వాత అంకె 15 దాటిందేమో చూడాలి. దాటితే అవి అణాలు కానే కావు.

దస్తావేజులో ‘య. 1-37 సెం.’ అని ఉన్నది విస్తీర్ణం. ‘య.’ ఎకరాలు, పాతవాళ్ళు యకరం అని రాసేవారు కనుక యకారం. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 48.4 గజాలు. డబ్బుకీ భూమికీ ఒకటే గీత వాడటం వల్ల మసకబారిన కాగితంలో ‘రు’కీ ‘య’కీ తేడా తెలియక తలకిందులుగా చదివినవాళ్ళున్నారు. ఇంగ్లిష్‌లో రాసిన పాత ఈసీలు, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలు, తీయిస్తే ఇంకో ముప్పు ఉంది. అక్కడ ఆర్, ఎస్ అన్న రెండక్షరాలు రూపాయలకీ వాడతారు, రీసర్వే నంబరుకీ వాడతారు. పక్కన ‘నంబరు’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. చిరునామా చివర అవే అక్షరాలుంటే రైల్వే స్టేషన్.

ఇక మాట చివర వచ్చే ‘రు’. మీ రెండో ప్రశ్న ఇక్కడిదే. ‘సదరు భూమిని సదరు పట్టాదారు గారు విక్రయించినారు’ అన్న వాక్యంలో ఐదు చోట్ల ‘రు’ ఉంది, కాబట్టి చాలామంది అమ్మారేమో అన్నారు. ఒక్కొక్కటి విడదీద్దాం.

‘సదరు’ అంటే పైన చెప్పిన. కచేరీల్లో పార్సీ భాష నడిచిన కాలం నుంచి దస్తావేజుల్లో ఉండిపోయిన మాట. దాని చివరి ‘రు’కి మనుషులతో పనిలేదు, సదరు భూమి అన్నా సదరు వ్యక్తి అన్నా ఒకటే. ‘పట్టాదారు’లో ఉన్న ‘దారు’ కూడా పార్సీదే, కలిగి ఉన్నవాడు అని అర్థం. పట్టాదారు, కౌలుదారు, వాటాదారు, హక్కుదారు, జమీందారు, తాసిల్దారు, వీటన్నింటిలో ‘రు’ ఒక్క మనిషినే చెబుతుంది. ఎక్కువమంది ఉంటే పట్టాదారులు, పట్టాదార్లు అని ‘లు’ చేరాలి. ఇది చాలామంది పొరబడే చోటు, మన డెల్టాలో కౌలు వ్యవసాయం ఎక్కువ కాబట్టి మరీ. 2019 చట్టం కింద ఇస్తున్న పంట సాగుదారు హక్కు పత్రంలో ‘సాగుదారు’ అన్నా ఒక్కరే. కలెక్టరు, డాక్టరు, ట్రాక్టరు లాంటి ఇంగ్లిష్ మాటల్లో ‘ర’ ఆ మాటదే, చివరి ఉకారం మాత్రం మాట నోటికి నిండుగా రావడానికి చేరింది, దానికి వేరే అర్థం ఏమీ లేదు.

‘గారు’ గౌరవం. ‘విక్రయించినారు’లోని ‘రు’ అటు గౌరవానికీ వస్తుంది, ఇటు ఎక్కువమంది అని చెప్పడానికీ వస్తుంది. అత్తయ్యగారు వచ్చారు, పిల్లలు వచ్చారు. క్రియ ఒకటే. కాబట్టి అమ్మినది ఎంతమందో క్రియ చూసి ఎప్పుడూ తేల్చకూడదు. దస్తావేజు మొదట్లో ‘వ్రాయించి ఇచ్చినవారు’ అన్న పేరాలో పేర్లకి వరస నంబర్లు ఉన్నాయా, పేరు తర్వాత ‘వగైరాలు’ ఉందా, చివర ఎన్ని సంతకాలు, ఎన్ని వేలిముద్రలు ఉన్నాయి, ఈ మూడూ చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి చివర ఒకటే వేలిముద్ర, దాని చుట్టూ ఒకటే పేరు, ఒక ఆవిడది. అయితే అమ్మినది ఒక్కరే, ఆవిడకి గౌరవం ఇచ్చి రాశారు.

మనుషుల లెక్క కచ్చితంగా చెప్పే ‘రు’ ఒకటుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు. ఇది ఆవులకీ బళ్ళకీ రాదు, మనుషులకే వస్తుంది. ‘నా కుమారులు ముగ్గురు’ అని ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. రాసేవాళ్ళే ఆ ముగ్గురైతే ‘మేము ముగ్గురము’ అవుతుంది, ‘రు’ పోయి ‘రము’ వస్తుంది. భాగపరిష్కార పత్రాల్లో ఇది చాలా ముఖ్యం, ఎవరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో దీంతోనే తెలుస్తుంది.

పాత గ్రాంథికంలో ఇంకో సౌకర్యం ఉండేది. ఇప్పుడు ‘మీరు ఇచ్చారు’, ‘వారు ఇచ్చారు’ రెండింటికీ ఒకే రూపం. అప్పట్లో మీరు అయితే ‘ఇచ్చితిరి’, వారు అయితే ‘ఇచ్చిరి’. పైకం ఎవరు ఎవరికి ఇచ్చారన్న వాక్యంలో ‘మీరు’, ‘వారు’ లేకపోయినా ఆ ‘తి’ ఒక్కటి చూసి చెప్పేయొచ్చు. మీ దస్తావేజులో ‘రొక్కముగా ఇచ్చితిరి’ అని ఉందన్నారు. అంటే కొన్న మీ తాతగారిని ఉద్దేశించి, మీరు డబ్బు ఇచ్చారు అని అమ్మినావిడ ఒప్పుకుంటున్నారు. మూడో మనిషి ఎవరో ఇచ్చినట్టు కాదు. అలాగే ‘వారసులు కారు’ అని ఎక్కడైనా కనిపిస్తే కంగారుపడి దాటేయకండి, ‘కాదు’ అన్నదానికి మనుషుల రూపం అది. వాళ్ళకి వారసత్వం లేదని చెబుతోంది. వీలునామాల్లో ఒక్క ఆ ‘కారు’ మీద పెద్ద తగాదాలే నడిచాయి.

ఇప్పుడు ఊళ్ళ పేర్లు. నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మన డెల్టా మ్యాప్ తెరిస్తే సగం పేర్లు ‘రు’తోనే ఆగుతాయి. ఏలూరు, కొవ్వూరు, ఆలమూరు, వేల్పూరు, వడ్లూరు ఒక జట్టు. కొల్లేరు, ఉప్పుటేరు, తమ్మిలేరు, బుడమేరు ఇంకో జట్టు. పైడిపర్రు, తాడిపర్రు, తీపర్రు, నిడమర్రు మూడో జట్టు. చెవికి అన్నీ ఒకటిలాగే ఉన్నా లోపల మూడు వేరే మాటలున్నాయి, ఊరు, ఏరు, పర్రు. ఇందాక చెప్పిన ‘యొక్క’ పరీక్ష పెడితే మూడూ మూడు దారుల్లో పోతాయి.

ఊరు ఊరి అవుతుంది. ఏరు ఏటి అవుతుంది. కొల్లేరు చూడండి, కొల్లేటి చేపలు అంటాం, పెద్దింట్లమ్మ గుడి ఉన్న ఊరు కొల్లేటికోట. కొల్లేరి అని ఎవరూ అనరు. కాబట్టి అది ఊరు కాదు, నీళ్ళు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేటిలో కలిసి, ఉప్పుటేటి మీదుగా సముద్రానికి పోతాయి. ఉప్పుటేరులో ఉప్పుకీ ఏరుకీ మధ్య ‘ట’ ఒకటి చేరింది, పల్లె, ఊరు కలిసి పల్లెటూరు అయినట్టే. నీరు నీటి, నూరు నూటి కూడా ఇదే దారి. ‘నూటికి ముప్పావలా’లో దాక్కున్నది నూరే.

పర్రు మాత్రం ‘పర్తి’ అవుతుంది, మర్రు ‘మర్తి’ అవుతుంది. ఇది ఇప్పటి మాటల్లో పోయింది, ఇంటిపేర్లలో మిగిలింది. నిడమర్రు, నిడమర్తి. పామర్రు, పామర్తి. పర్ర నేల అని ఉప్పుతేలిన పల్లపు భూముల్ని మన తీరంలో ఇప్పటికీ అంటారు గానీ, పర్రు అన్న ప్రతి ఊరూ అలాంటి నేలే అనుకోవద్దు. పైడిపర్రు చుట్టూ ఎంత మంచి వరి పండుతుందో తణుకు వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు.

ఊరి పేరు ఇంకా చిన్నదైపోవడం కూడా ఉంది. రైతులు మార్టేరు అంటారు, రాతలో మారుటేరు. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925 నుంచి ఉంది. విత్తనం బస్తా మీద ‘ఎం.టి.యు.’ అన్న మూడక్షరాలు ఆ ఊరి పేరు నుంచి తీసుకున్నవే. ఎం.టి.యు. 7029 అంటే స్వర్ణ. దేశంలో ఎన్నో రాష్ట్రాల రైతులు మన ఊరి పేరు అని తెలియకుండానే ఆ అక్షరాలు పలుకుతున్నారు. నాకైతే తలుచుకున్నప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు మీ హద్దుల దగ్గరకి వద్దాం. మీరు పంపినట్టే రాస్తున్నాను. తూర్పు, కొవ్వూరి వారి మెరక. దక్షిణం, పంటబోదె. పడమర, పుంత. ఉత్తరం, ఏటిగట్టు. ‘కొవ్వూరు’ అని లేదు, ‘కొవ్వూరి వారి’ అని ఉంది. అది ఇంటిపేరు. ఆ ఇంటిపేరున్న కుటుంబాలు మన గోదావరి జిల్లాల్లో ఎక్కడెక్కడో ఉన్నాయి, కొవ్వూరులో ఉండాల్సిన పనే లేదు. ఎప్పుడో ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ళకి అలా స్థిరపడిపోతుంది. నిజంగా ఆ ఊరివాళ్ళని చెప్పాలంటే ‘కొవ్వూరు వాస్తవ్యులు’ అనో ‘కొవ్వూరు కాపురస్తులు’ అనో రాస్తారు, అక్కడ ‘రు’ ‘రు’గానే ఉంటుంది. ఇంటిపేరు అయితే ‘రి’ అయిపోతుంది. కాబట్టి కొవ్వూరులో వాకబు ఆపేయండి. మీ భూమికి తూర్పున కొంచెం ఎత్తుగా ఉన్న చేను ఎవరిదో, ఆ కుటుంబం ఇంటిపేరు ఏమిటో మీ తాతగారి ఊళ్ళోనే అడగండి. మెరక అంటే ఎత్తు నేల, చుట్టూ పల్లం ఉన్నచోట మెరక చేను ఊళ్ళో అందరికీ గుర్తుంటుంది.

ఉత్తరం హద్దు ఏటిగట్టు అంటే గోదావరి పాయకి కట్టిన వరద గట్టు. ఇది మంచి గుర్తు, ఎందుకంటే పుంత, అంటే బండ్ల బాట, రోడ్డయి ఉండొచ్చు, పంటబోదె, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలువ, పూడిపోయి ఉండొచ్చు, ఏటిగట్టు మాత్రం ఎక్కడికీ పోదు. అయితే అదే కాగితంలో కింద ‘ఏటి కౌలు’ అని ఉందన్నారు, అది ఏటి పక్క భూమి కౌలా అని అడిగారు. కాదండి. ఇక్కడ ఏటి అన్నది ‘ఏడు’ నుంచి వచ్చింది, సంవత్సరం. ఏటి కౌలు అంటే ఏడాది కౌలు. ఏరు, ఏడు రెండూ ‘ఏటి’ దగ్గరకొచ్చి కలిసిపోతాయి. పక్కనున్న మాటే దారి చూపాలి. గట్టు, పాయ, లంక ఉంటే నీళ్ళు. కౌలు, శిస్తు, పంట ఉంటే కాలం.

కౌలు ధాన్యం కొలత దగ్గర మీరు గీసి పంపిన మెలిక గుర్తు తూము అయి ఉండొచ్చు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. తూముకి పాతవాళ్ళు పొట్టిగా ఒక గుర్తు వేసేవారు, 2008లో యూనికోడ్‌లో కూడా దానికి చోటిచ్చారు. మీ ఫోన్‌లో తెలుగు అక్షరాల పట్టికలో చివర ఉంటుంది, పోల్చి చూసుకోండి.

ఇక చేయాల్సిన పని. దస్తావేజు మొదటి పేజీ వెనక రిజిస్టరు నంబరు, సంవత్సరం, పుస్తకం నంబరు ఉంటాయి. అవి పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలుకి అర్జీ పెట్టండి. మీ దగ్గరున్న కాగితం మడతల దగ్గర చిరిగిందన్నారు కదా, ఆఫీసు పుస్తకంలో రాత చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. నకలు వచ్చాక రీసర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని ఊళ్ళో సర్వేయర్‌కి చూపించండి. ఇంకా చదవలేని చోటుంటే ఆ పేరా ఒక్కటే ఫోటో తీసి, మనుషుల పేర్లు మూసేసి ఇక్కడ పెట్టండి. పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వేస్తే పాత సిరా కనపడదు.